చక్రం మీద బొటనవేలు

మా ఆయన కుడి బొటనవేలి మీద ఒక గాటు ఉండేది. పలక అంచు కోసుకుపోతే, కుట్లు వేయించుకోకుండా పసుపు అద్ది వదిలేశాడు. అది ఏటవాలుగా మానింది. రేషన్ దుకాణంలో మిషను ఆ ముద్రను ఒక పట్టాన తీసుకునేది కాదు. అందుకే ఆ వేలు ఎక్కడ పడినా నేను గుర్తుపడతాను. నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే మా వీధి టీచరమ్మ ఇదంతా రాస్తోంది. కానీ ఆ ముద్ర చదవడం మాత్రం నాకు వచ్చు.

మేమిద్దరం మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్ళం. పలకను తడిపి, రుద్ది, కడిగి, చివరికి బొటనవేలితో ఒకసారి నిమిరి చూడాలి. కంటికి కనబడని గీత వేలికి తగులుతుంది. ఏళ్ళ తరబడి చేస్తే ఆ నిమరడం చేతిలో ఇంకిపోతుంది. ఆయన అన్నం పెట్టుకునే ముందు కంచాన్ని కూడా అట్లాగే నిమిరేవాడు.

పలక దుమ్ము ఊపిరిలోకి పోయి ఆయాసం పట్టుకున్నాక, బట్టల కొట్టు సావుకారు ఆయన్ని తన షెడ్డులో పనికి పెట్టుకున్నాడు. వాళ్ళ నాయన నాటి తెల్ల కారు ఒకటి ఆ షెడ్డులో ఉండేది. దానికి ఆ పెద్దాయన ముచ్చటపడి అల్లాయ్ చక్రాలు వేయించాడు. ఒక్కో చక్రానికి అయిదు కమ్ములు. వాటిని తళతళలాడేట్టు ఉంచడమే మా ఆయన పని.

మొదటి రోజే ఆయన తప్పు చేశాడు. ఆ చక్రాల మీద గాజులాంటి పూత ఒకటి ఉంటుందని తెలియదు. పూత పాతబడి పచ్చగా మారితే, మురికి అనుకున్నాడు. ఇంట్లో ఉన్న పలకపొడిని గుడ్డలో జల్లించి, తడిపి, పలకను రుద్దినట్టే రుద్దాడు. పూతంతా లేచిపోయింది. చక్రాలు వెండి కంచాల్లా మెరిశాయి. సావుకారు మురిసిపోయాడు గానీ, కంభం నుంచి వచ్చిన మెకానిక్ తల పట్టుకున్నాడు.

"ఏం చేసినావు మామా! దాని తోలు ఒలిచినావు గదా. ఇంక మిగిలింది మన వంటింటి సత్తే, అల్యూమినియం. చెమట చెయ్యి పడితే లోపలికి దిగుతాది. వారం వారం రుద్దకపోతే నల్లబడతాది."

"రుద్దుతాలే అబ్బీ. నాకు ఇంకేం పని?" అన్నాడట ఈయన.

ఆ తప్పే చివరిదాకా ఆయనకు కూడు పెట్టింది. ఆయన పోయాక, కర్మలన్నీ ముగిశాక, సావుకారు నాకు కబురు పెట్టాడు. షెడ్డు తాళంచెవి నా కొంగుకు వచ్చింది.

ఎండలో వేడెక్కిన చక్రం మీద నీళ్ళు పోయకూడదు, మరకలు కడతాయి. చల్లారాక పోయాలి. బ్రేకుల నుంచి రాలే నల్లపొడి మొండిది, సబ్బు నురగతో నానబెట్టాలి. నట్లు ఉండే గుంతల్లోకి పాత పళ్ళ బ్రష్షు పోనివ్వాలి. ఆరాక బనీను గుడ్డతో పలకపొడి పెట్టి రుద్దాలి. అట్లా రుద్దుతున్నప్పుడే, ముందు ఎడమ చక్రం మీద, ఒక కమ్మి లోపలివైపు కనబడింది. బొటనవేలి ముద్ర. మధ్యలో ఏటవాలుగా గాటు. నిమిరి చూసినప్పుడు పడినదే. చెమట సత్తులోకి దిగి నల్లగా కూర్చుంది.

అప్పుడు నాకు సంతోషమే కలిగింది. దాని చుట్టూ రుద్ది, దాన్ని వదిలేసేదాన్ని. అట్లా ఏడాది గడిచింది.

ఆ తర్వాత సావుకారు కారును గిద్దలూరులో ఒకాయనకు అమ్మేశాడు.

"ఆదివారం కంభం ఆయన వచ్చి కోటింగ్ వేస్తాడు పెద్దమ్మా. మధ్యాహ్నానికి కారు పోతాది. ఒక్క మచ్చ ఉండకూడదు చూడు. పూత కింద మచ్చ పడిందంటే ఇంక దాన్ని ఎవడూ తీయలేడు."

ఆ మాట నా గుండెలో దిగబడింది. బతికినన్నాళ్ళు దుమ్ములో ఉన్నాడు, ఆ తర్వాత ఈ కారు పక్కన గొంతుకూర్చున్నాడు. ఇప్పుడు గాజు కింద పెట్టి మూసేస్తారు. ఎవరిదో కారు చక్రంలో ఇరుక్కుని, తెలియని రోడ్ల మీద గిరగిరా తిరుగుతూనే ఉంటాడు. ఆదివారం లోపల ఆయన్ని అక్కడి నుంచి తీయాలి.

గురువారం ముద్రను రుద్దాను. పోయింది. శుక్రవారం పొద్దున తాళం తీసి చూస్తే మళ్ళీ అక్కడే ఉంది. చెమట లోతుగా దిగిందేమో అనుకుని భుజం పడిపోయేదాకా రుద్దాను. నీళ్ళు పోసి కడిగి, తుడిచి, వెలుతురులో చూశాను. అద్దంలా ఉంది. మిగిలిన పలకపొడిని కొబ్బరిచిప్పలో పోసి, పొడిగా పక్కన పెట్టి, తాళం వేసుకుని వచ్చాను.

శనివారం నేను పోయేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో కుక్క కూడా లేదు. ముద్ర లోపలివైపు లేదు. కమ్మి ముందువైపుకు, ఎదురుగా నిలబడితే కనబడే చోటికి వచ్చింది. కొబ్బరిచిప్పలో పొడి తడిసి ఉంది. ఆ తడిలో ఒక వేలు దిగిన గుంట ఉంది.

నేను కూర్చుండిపోయాను. అయిదు కమ్ముల్లో నా ముఖాలు అయిదు, సాగిపోయి, నన్నే చూస్తున్నాయి. వెనక్కి తిరగలేదు. వెనక నుంచి సన్నగా ఈల వేసినట్టు ఊపిరి వినిపించింది. ఆ ఆయాసం నేను పక్కన పడుకుని ఎన్నో ఏళ్ళు విన్నదే.

గుడ్డ కింద పెట్టేశాను.

"ఏందయ్యా నీ పంతం? రేపు ఈ కారు పోతాది. నువ్వు దీంట్లో ఉంటే నిన్ను కూడా ఎత్తుకపోతారు. పరాయి ఊళ్ళో నీకు నీళ్ళు ఇచ్చేదెవరు? ఇంటికి రా. అక్కడ కూడా సత్తు ఉండాది గదా."

ఎందుకన్నానో ఆ చివరి మాట. నోటికి అట్లా వచ్చింది.

ఆదివారం పొద్దున ముద్ర లేదు. నేను రుద్దనే లేదు. ముందువైపు, లోపలివైపు, నాలుగు చక్రాలూ వెతికాను. ఎక్కడా లేదు. మెకానిక్ వచ్చి పూత వేశాడు. వేయడం అయ్యాక నాకు తెలియకుండానే నా బొటనవేలు చక్రం మీదికి పోయింది. అతను మణికట్టు పట్టుకుని ఆపాడు.

"పెట్టబాక అత్తా! ఇంకా ఆరలా. మీ ఇంటోళ్ళందరికీ ఇదే రోగమా ఏంది? మామ ఒకసారి నా నున్నటి గుండు కూడా నిమిరి చూసినాడు!"

సావుకారు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. మధ్యాహ్నం కారు గిద్దలూరు దారి పట్టింది. చక్రాలు తిరుగుతుంటే వెండి బిళ్ళల్లా కనబడ్డాయి. మచ్చ లేదు. ఆ రోజు చాన్నాళ్ళ తర్వాత కడుపు నిండా తిన్నాను.

మంగళవారం ఎసరు పెడదామని సత్తు గిన్నె దించాను. ముందురోజే బూడిదతో తోమి బోర్లించిన గిన్నె. అంచు కింద నల్లగా బొటనవేలి ముద్ర ఉంది. మధ్యలో ఏటవాలుగా గాటు. ఇంట్లో నేను ఒక్కదాన్నే. నా వేలికి గాటు లేదు.

రమ్మన్నది నేనే. భయపడితే ఎట్లా? ఆ గిన్నెలోనే వండుకున్నాను. ఇద్దరికి సరిపడా బియ్యం పోశానని అన్నం దించాక గాని తెలియలేదు.

మొదట గిన్నె మీద ఒకటే ఉండేది. తర్వాత మూత మీద వచ్చింది. నిన్న నేను తినే కంచం మీద, అన్నం పెట్టుకునే చోట, నడిమధ్యలో ఉంది. సత్తు సామాన్లను ఇప్పుడు నేను తోమడం లేదు, ఉత్త నీళ్ళతో కడిగి పెడుతున్నాను. ఎత్తేటప్పుడు ముద్ర ఏ వైపు ఉందో ముందు చూసుకుని, దాని మీద నా వేలు పడకుండా పట్టుకుంటున్నాను.