నాలుగు పలకల కీ

కళ్ళజోళ్ళు బాగుచేసే మనిషికి కారు కింద ఏం పని అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆయన భార్య ఆ ఆదివారం ఉదయం అడగనే అడిగింది. "ఆవగింజంత స్క్రూలు బిగించుకునే మనిషి మీరు. ఆ ఇనప భూతంతో మీకెందుకండీ?" అంది, ఉతికిన దుప్పటి దులిపి ఆరేస్తూ. ఆయన విననట్టే చిరుగుల చొక్కా ఒకటి తొడుక్కుని, స్పానర్ల పెట్టె పట్టుకుని షెడ్డులోకి నడిచాడు.

బస్సులు ఆగే మలుపులో ఉంటుంది ఆయన దుకాణం. ఇద్దరు లోపల నిలబడితే మూడోవాడు బయట ఎండలో ఆగాల్సిందే. ఏళ్ళ తరబడి అక్కడే కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, విరిగిన కాడలు అతుకుతూ, ఊడిన అద్దాలు బిగిస్తూ బతుకు వెళ్ళదీశాడు. చెయ్యి బహు నెమ్మది. నోటికి మాత్రం ఆ నెమ్మది అబ్బలేదు. కోపమొస్తే ముందు మాట అనేస్తాడు, తర్వాత కూర్చుని కుమిలిపోతాడు. మూడేళ్ళ కిందట అలా అనేసిన ఒక్క మాటే ఈవేళ ఆయన్ని కారు కిందికి దించింది.

కారు వాళ్ళ నాన్నది. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, బీరువా మూసినట్టు చప్పుడు చేసే తలుపులు. నాన్న దాన్ని కన్నబిడ్డలా చూసుకునేవాడని చుట్టాలు అంటారు గానీ, అది చాలా తక్కువ చేసి చెప్పడం. అసలు కన్నబిడ్డలిద్దరికీ ఆ సంగతి బాగా తెలుసు. పోయేముందు ఆ బండిని కొడుక్కి ఇచ్చి పోయాడు. మర్నాడు ఇల్లంతా జనంతో నిండి ఉంటే, కూతురు ఒక్కతీ షెడ్డులోకి పోయి స్టీరింగు ముందు కూర్చుంది. తమ్ముడు వెతుక్కుంటూ వచ్చాడు. నిద్ర లేదు, ఏడుపు రావడం లేదు, చేతులకి ఏం పని చెప్పాలో తోచడం లేదు. "దిగు. అది నా బండి" అనేశాడు, పదిమందీ వినేటట్టు. అక్క దిగింది. తలుపు మెల్లగా వేసి, ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆయన ఆమెని తన ఇంట్లో చూడలేదు. దారిలో ఎదురుపడితే "బాగున్నారా?" అంటుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఒరేయ్ అని పిలిచిన నోటితో! అలా మర్యాద పెట్టి మాట్లాడినప్పుడల్లా ఆయన ప్రాణం చివుక్కుమనేది. నాలుగు తిట్టినా హాయిగా ఉండేది. ఆలోచించగా ఆలోచించగా ఆయనకి ఒకటే తోచింది. గొడవంతా కారు గురించే కదా, కారే లేకపోతే గొడవ ఎక్కడుంటుంది? అమ్మేస్తే అక్క మళ్ళీ వస్తుంది. అంతే, అమ్మకానికి పెట్టాడు.

కొంటానని వచ్చినవాడు ఒక పళ్ళ డాక్టరు, పాత కార్లంటే పడిచస్తాడు. రోగి నోట్లో పెట్టే అద్దం లాంటిదే ఒకటి జేబులోంచి తీసి, కారు కిందంతా తొంగి చూశాడు. "డిఫరెన్షియల్ ఆయిల్ ఎప్పుడు మార్చారు?" అని అడిగాడు. ఈయన నీళ్ళు నమిలాడు. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత ఇనప బుర్ర ఉంటుందనీ, దాని లోపల పళ్ళచక్రాలు నూనెలో మునిగి తిరుగుతాయనీ తెలుసు. ఆ నూనె ఎప్పటిదో తెలియదు. తెలియదని చెప్పడానికి నామోషీ. "ఆదివారం మీరొచ్చేసరికి కొత్తది పోసి ఉంచుతాను" అనేశాడు. చెప్పానుగా, నోరు ముందు.

షెడ్డు నేలలో నాన్న తవ్వించిన గొయ్యి ఉంది. మనిషి దిగి నిలబడితే కారు కడుపు నెత్తి మీదికి వస్తుంది. ఆయిల్ వెచ్చబడేందుకు కారుని వీధుల్లో ఒక చుట్టు తిప్పి తెచ్చి, గొయ్యి మీద ఆపి, లోపలికి దిగాడు. బుర్ర అడుగున బిరడాలా ఒక ప్లగ్గు, పక్కన కొంచెం ఎత్తులో ఇంకో ప్లగ్గు. కిందిది తీస్తే పాతది కారిపోతుంది, మళ్ళీ బిగించి పైదాంట్లోంచి కొత్తది పోయాలి. దీనికి మెకానిక్కు కూడానా అనుకున్నాడు. భార్యకి చెప్పకుండా వంటింట్లోంచి పట్టుకొచ్చిన స్టీలు బేసిన్ కింద పెట్టి, పళ్ళు బిగించి స్పానర్ లాగాడు.

ప్లగ్గు ఇట్టే తిరిగింది. అంత సులువుగా వస్తుందనుకోని మనిషి వెనక్కి తూలి గోడకి కొట్టుకున్నాడు. నాన్న మంచాన పడ్డాక దీన్ని ముట్టినవాళ్ళు లేరే. తుప్పు పట్టి, మొరాయించి, ప్రాణం తీయాలి కదా? ఆ అనుమానం తీరకముందే ఆయిల్ దిగింది. తారులా నల్లగా వస్తుందని ఆయన లెక్క. బేసిన్లోకి దిగినది తేనె రంగులో, అడుగు కనిపించేంత తేటగా ఉంది.

వేళ్ళ మధ్య రుద్ది చూశాడు. వాసన చూశాడు. పళ్ళచక్రాల నూనె వాసనే, ముక్కు బద్దలయ్యేలా. పొరపాటున ఇంకేదైనా విప్పానా అని పైకెక్కి కారు చుట్టూ తిరిగి, మళ్ళీ దిగి చూశాడు. వెనక చక్రాలు రెండూ వాటి చోటే ఉన్నాయి, మధ్యలో బుర్ర ఒక్కటే ఉంది. అంటే విప్పింది సరైనదే. పోనీ నూనె దానంతటదే శుభ్రపడుతుందా? ఎవరైనా దొంగ దూరాడా? దొంగవాడు ఉన్నది పట్టుకుపోతాడు గానీ, కొత్త ఆయిల్ పోసి, ప్లగ్గు బిగించి, షెడ్డుకి తాళం వేసి పోతాడా? ఆయన బుర్ర తిరిగిపోయింది.

బయటికొచ్చి భార్యని అడిగాడు. "ఈ షెడ్డు తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా?"

"నాకేం తెలుసు, మీ కారు, మీ గోల" అని ఆవిడ చరచరా లోపలికి పోయింది. ఆయన ఇంకా తికమకపడ్డాడు. ఒక మాటంటే పది మాటలు వడ్డించే మనిషి, ఇంత పొదుపుగా ఎప్పుడూ మాట్లాడదు.

సరే, కారిందేదో కారింది, కొత్తది పోసేద్దామని కింది ప్లగ్గు బిగించి పైదాని జోలికి వెళ్ళాడు. దానికి తల లేదు! స్పానర్ పట్టుకోవడానికి ఏమీ లేదు. నడిమధ్య నాలుగు పలకల గుంట మాత్రం ఉంది. పెట్టెలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే దూర్చి చూశాడు. ఒకటి వదులు, ఒకటి లావు. దుకాణంలో వాడే సన్న స్క్రూడ్రైవర్ కూడా పెట్టి చూశాడంటే ఆయన అవస్థ అర్థం చేసుకోవచ్చు. ఆయిల్ అంతా బయట ఉంది, లోపలికి దారి మూసి ఉంది, పళ్ళ డాక్టరు కాసేపట్లో వచ్చేస్తాడు. చుక్క నూనె లేని బండిని వీధి చివరి దాకా నడిపినా ఆ పళ్ళచక్రాలు నలిగిపోతాయి.

టార్చి దగ్గరగా పెట్టి చూస్తే అప్పుడు కనిపించింది. ప్లగ్గు మీంచి బుర్ర మీదికి అడ్డంగా ఒక సన్నటి నీలం గీత. నాన్నకి ఆ అలవాటుండేది. ఏది బిగించినా పైన సుద్దతో గీత గీసేవాడు. గీత తప్పితే ప్లగ్గు వదులైనట్టు. కానీ నాన్నది తెల్ల సుద్ద. నీలం సుద్ద ఎవరు వాడతారు?

ఆయన గొయ్యి గోడకి ఆనుకుని నిలబడిపోయాడు. చిన్నప్పుడు ఈ గొయ్యిలో నాన్న పక్కన దిగింది తను కాదు, అక్క. తను పైన కూర్చుని టార్చి పట్టుకునేవాడు, అదీ కునికిపాట్లు పడుతూ. "ఏదమ్మా, నాలుగు పలకల కీ ఇటియ్యి" అనేవాడు నాన్న. నల్ల టేపు చుట్టిన వంకర కీ, ఇలాంటి గుంటలో దూర్చి తిప్పేది. గోడన దాని మేకు ఇప్పటికీ ఉంది, కీ లేదు. దాన్ని ఎవరో తీశారని కూడా ఆయనకి ఇన్నాళ్ళూ తెలియదు. అది ఉన్నవాళ్ళే ఈ ప్లగ్గు తీయగలరు. తీసినవాళ్ళే ఆ ఆయిల్ పోశారు. నీలం సుద్ద దర్జీలది. అక్క దర్జీ.

పైకెక్కి ఇంట్లోకి పోయి, "అక్క వస్తోందా?" అని అడిగాడు. వంటింటి గుమ్మంలో భార్య తల వంచుకుంది. "నాలుగైదు నెలలకోసారి వస్తుందండీ, మీరు దుకాణానికి పోయాక. చెప్పనని ఒట్టు వేయించుకుంది. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టదు. దిగి, చూసుకుని, చేతులు కడుక్కుని వెళ్ళిపోతుంది. అది సరేగానీ, నా బేసిన్ ఏదీ?"

ఆయన బేసిన్ సంగతి దాటేసి బయటపడ్డాడు.

రెండు వీధుల అవతల, అక్క ఇంటి ముందుగదే ఆమె కుట్టు దుకాణం. మిషను ఆపకుండానే తలెత్తింది. "ఏం కావాలండీ?"

దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. "నాలుగు పలకల కీ కావాలి" అన్నాడు.

మిషను ఆగింది. "దేనికి?"

"కింది ప్లగ్గు తీశాను. పైది రావడం లేదు."

"పైది రాకుండా కిందిది తీశారా!" ఆమె లేచి నిలబడింది. "ముందు పైది వస్తుందో లేదో చూసుకుని గానీ కిందిది ముట్టకూడదని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు?"

"నాకు చెప్పలేదక్కా. నీకు చెప్పాడు."

ఆమె కత్తెరలు పెట్టే సొరుగు లాగి, కీ తీసింది. మూలనున్న, కారుకి ఆయిల్ ఎక్కించే పిచికారీ చంకన పెట్టుకుని, ఆయన కంటే ముందు నడిచింది.

షెడ్డులో ఆయన కొన్న ఆయిల్ డబ్బా తిప్పి చూసి పక్కన పెట్టేసింది. "ఇది గేరుబాక్సుకి పోసేది. దీనికి పడదు." బేసిన్లో తేటగా ఉన్నదాన్ని చూసి, "పారబొయ్యలేదు, నయం. పోయిన నెలే పోశాను" అని వెంట తెచ్చిన లైనింగు గుడ్డలోంచి వడగట్టి, ఆ గుడ్డ ఆయన చేతికిచ్చింది. గొయ్యిలోకి దిగి కీ పెట్టి ఒక్క తిప్పు తిప్పింది. పై ప్లగ్గు బుద్ధిగా వచ్చేసింది.

"అమ్మేస్తున్నారట" అంది, పిచికారీ నింపుకుంటూ.

"నువ్వు మళ్ళీ వస్తావని."

"వస్తూనే ఉన్నానుగా" అంది అక్క. "ఇది కూడా లేకపోతే ఇంక దేనికి రావాలి నేను?"

మూడేళ్ళు ఆలోచించి తేల్చుకున్నదంతా తలకిందులైపోయింది. అక్కని పిలుచుకొద్దామని, అక్క వచ్చే ఒక్క దారినీ తనే మూసేయబోయాడు. కళ్ళు మసకబారితే కళ్ళజోడు తుడుచుకున్నాడు. తప్పు అద్దాలది కాదు.

సరిగ్గా అప్పుడే పళ్ళ డాక్టరు దిగబడ్డాడు, జేబులో అద్దంతో సహా. "ఆయిల్ మార్చేశారా?"

"అది మా అక్కని అడగాలండీ."

"ఎక్కడున్నారావిడ?"

"కింద."

డాక్టరు వంగి చూశాడు. "పోయిన నెల మార్చానండీ" అంది గొయ్యిలోంచి గొంతు. "ఈవేళ మావాడు తీసేశాడు, అదే మళ్ళీ పోస్తున్నాను." డాక్టరు అయోమయంగా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "అయితే, బండి తీసుకెళ్ళొచ్చా?"

"లేదండీ, క్షమించండి. అమ్మడం లేదు" అన్నాడు ఆయన. పదిమంది లేరు గానీ, అప్పటిలాగే గట్టిగా అన్నాడు. "ఇది నా ఒక్కడి బండి కాదు."

కింద పిచికారీ చప్పుడు ఆగింది. డాక్టరు ఏదో అంటున్నాడు, ఆయనకి ఒక్క ముక్క ఎక్కడం లేదు. గొయ్యి వైపే చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఒరేయ్" అంది అక్క. "నిండిపోయి కారుతోంది. ఆ గుడ్డ ఇటియ్యి."

ఆయన గుడ్డ కోసం షెడ్డంతా వెతికాడు. స్పానర్ల పెట్టె బోర్లించాడు, సీటు కింద చూశాడు, డాక్టర్ని కూడా పక్కకి జరగమన్నాడు. అది ఆయన భుజం మీదే ఉంది.