నేనే చేసుకున్న

నల్గొండలో డిగ్రీ చదివే రోజుల్లో నాతో కిరాయి గదిలో ఉన్న మిత్రుడు తన జుట్టును తానే జడలు కట్టించుకున్నాడు. ఆదివారాలు అద్దం ముందు కూర్చుని, ఊలు అల్లే కొక్కెం సూదితో విడి వెంట్రుకలను లోపలికి లాగి, ఒక్కో పాయను అరచేతుల మధ్య పేనేవాడు. ఎవరడిగినా ఒకటే జవాబు: "నేనే చేసుకున్న."

తిరుమలగిరిలో వాళ్ల అవ్వ నమ్మలేదు. ఎల్లమ్మ తల్లి వస్తేనే జడలు కడతాయని ఆమె పట్టుదల. వాడు ఊరికి పోయినప్పుడల్లా వాటికి పసుపు పూసేది. ఒకసారి నేనూ వెంట వెళ్లినప్పుడు వాడు సూది తీసి చూపించాడు.

"గా సూది నీ చేత పట్టిచ్చింది ఎవలు బిడ్డా?" అంది. నాకు నవ్వొచ్చింది. వాడు నవ్వలేదు.

తర్వాత ఉద్యోగమొచ్చింది. జుట్టు కత్తిరించుకుని రమ్మన్నారు. కటింగ్ షాపుకు తోడు వెళ్లాను. కత్తెర పట్టినతను జడల మొదట్లో పసుపు చూసి ఆగిపోయాడు.

"అమ్మవారివా అన్నా? గట్లయితే నేను ముట్ట."

రోజూ చెప్పే ఆ రెండు మాటలు చెబితే చాలు. చెబుతాడనే అనుకున్నాను. వాడు అద్దంలోకి చూస్తూ ఒక జడను అరచేతుల మధ్య నెమ్మదిగా పేని, మెడకు కట్టిన గుడ్డ విప్పి లేచాడు.