బెల్జియంవాణ్ణి నేను గెలిపించిన తీరు

ఒక ఘోరం చెప్తాను. మీరు నవ్వుతారని తెలుసు, అయినా చెప్తాను. సముద్రాలు దాటి బెంగళూరుకొచ్చి, మట్టిలో పొర్లి, అందరికంటే ముందు దూసుకుపోతూ, గెలుపు గీత కంటికి ఆనుతుండగా ఒక బెల్జియం దేశస్థుడు పందెం ఓడిపోయాడు. ఆయన బండి చెడలేదు. చక్రం జారలేదు. ఒంట్లో నలత లేదు. ఆయన దురదృష్టమల్లా ప్రొద్దుటూరులో ఒక అభిమాని ఉండటమే. ఆ అభిమానిని నేనే.

అప్పటికి నాకు ఇరవై ఏళ్లు దాటాయి, డిగ్రీ మాత్రం దాటలేదు. పగలంతా ప్రొద్దుటూరులో మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక షెడ్డులో కూర్చునేవాణ్ణి. పని చేసేవాణ్ణి కాను, సలహాలిచ్చేవాణ్ణి. ఆ షెడ్డుకు ఎక్కణ్ణుంచో పాత ఇంగ్లీషు పత్రికలు వచ్చేవి. వాటిలో మోటోక్రాస్ బొమ్మలుండేవి. తారురోడ్డు లేకుండా గుట్టలూ గుంతలూ చేసిన మట్టిదారిలో బండ్లు ఎగరేసుకుంటూ పోయే పందెం అది. బొమ్మల కింద ఏం రాసి ఉందో అడక్కండి. నేను చదివింది బొమ్మలనే. అయినా ఎవరేం అడిగినా "నాకు తెలీదు" అన్న మాట నా నోట్లోంచి వచ్చేది కాదు. ఏ చెట్టూ లేనిచోట ఆముదపు చెట్టు మహావృక్షమంటారు. ఏ బండీ లేని నేను ఆ షెడ్డుకు మహా రైడర్ని.

ఇక మా సంజన్న మామ గురించి చెప్పాలి. మా అమ్మకు అన్న. జమ్మలమడుగు దగ్గర పల్లె. తాతల కాలంలో గొర్రెలు, ఆయన కాలానికి గొర్రెలతో పాటు సెనగచేలు, వాటితో పాటు ఒక వర్గం. మా పల్లెలో రెండు వర్గాలుండేవి. మామ వర్గానికి భుజాన పసుపుపచ్చ తువ్వాల, లింగన్న వర్గానికి ఎర్ర తువ్వాల. ప్రతి ఎన్నికకూ ఇద్దరూ పార్టీలు మార్చేవాళ్లు, ఒక్కోసారి ఒకరి పార్టీలోకి ఇంకొకరు దూకేవాళ్లు. తువ్వాలలు మాత్రం మారేవి కావు. ఆ లింగన్న నాకు వరసకు చిన్నాయన. మా పల్లెలో వరసలు కుదరని శత్రువులు లేరు.

ఆ ఏడు ఎన్నికలొచ్చాయి. పల్లెలో ఒక గడ్డివామి కాలింది, దానికి జవాబుగా ఇంకో గడ్డివామి కాలింది. తర్వాత కాలేవి గడ్డివాములు కావని అందరికీ తెలుసు. ఇద్దరికీ కావలసిన పెద్దమనిషి ఒకాయన పులివెందులలో ఉండేవాడు. ఆయన మామకు కబురు పెట్టాడు. "సంజన్నా, ఓట్లు అయ్యేదంకా బెంగళూరు పోయి కూచో. ఊరు సల్లబడతాది." మామ ఒప్పుకున్నాడు. తోడుగా నన్ను తీసుకుపోయాడు. ఆ పెద్దమనిషి ఇదే సలహా, ఊరి పేరుతో సహా, లింగన్నకు కూడా ఇచ్చాడని మాకప్పుడు తెలియదు.

బెంగళూరు లాడ్జిలో మామకు పొద్దుపోలేదు. కిటికీలోంచి బస్సులు చూసి, ఒక్కదాంట్లోనూ తెలిసిన మొహం కనపడక దిగులు పడేవాడు. అప్పుడు నేను గోడమీద పోస్టర్ చూశాను. అంతర్జాతీయ మోటోక్రాస్ పందెం! నా ఒళ్లు జలదరించింది.

"మామా, మనం పోవాల్సిందే."

"ఏందిరా అది?"

"తెల్లోళ్లు బండ్లు ఎగరేస్తారు మామా. నాకు అంతా తెలుసు. నేను చెప్తా కదా నీకు."

"ఆడికి మనోళ్లు ఎవురన్నా వస్తారా?"

"మన ఊరోళ్లు ఎవురూ రారు మామా. భయం లేదు."

పాపం, ఆయన నా మాట నమ్మాడు. ఈ కథలో ఆయన చేసిన తప్పు అదొక్కటే.

గేటు దగ్గరే మొదలైంది. కాపలావాడు మామ సంచిలో చెయ్యి పెట్టి కాగితంలో చుట్టిన గుండ్రటి వస్తువులు బయటికి తీశాడు. "ఇదేమి?" అన్నాడు అనుమానంగా. మామ చాలా మర్యాదగా, "ఉండలప్పా. మా కడప జిల్లావి" అన్నాడు. కడప జిల్లా అన్న మాట వినగానే కాపలావాడు వాటిని మెల్లగా, చాలా మెల్లగా బల్లమీద పెట్టి వెనక్కి జరిగాడు. "చెనిక్కాయల ఉండలు సార్, తినేవి!" అని నేను అరిచి ఒకటి కొరికి చూపిస్తే గానీ లోపలికి వదల్లేదు. ఒకటి ఆయనా తిన్నాడు. రెండోదీ తిన్నాడు.

లోపల మట్టిదారి చూసి మామ నీరుగారిపోయాడు. "ఒరే అల్లుడా, ఈ బీడు చూడను టికెట్టా? మన కొండకింద కయ్యకు రారా, ఊరకే చూపిస్తా."

అంతలో బండ్లు వచ్చి వరసగా నిలబడ్డాయి. రంగురంగుల తొడుగులు, ఛాతీకి కవచాలు, ముఖానికి ముసుగులు. వాళ్లలో పొట్టిగా, మెడ లేకుండా, భుజాలు మాత్రం వాకిలి అడ్డమంత ఉన్నవాడొకడు మామకు తెగ నచ్చాడు. "వాడు జూడు, పందెం పొట్టేలు మాదిరి ఉండాడు. వాడు మన పక్క." ఆయనే బెల్జియంవాడు. పేరు మా నోళ్లకు పలకలేదు కనుక మాకు పొట్టేలయ్యే స్థిరపడ్డాడు.

ఇంజన్లు ఒక్కసారిగా గర్జించాయి. ఎక్కడో ఒక బండి పొగగొట్టం 'ఢాం' అంది. కళ్లు తెరిచేసరికి నేను బల్ల కింద ఉన్నాను. మామ మాత్రం కదలకుండా కూర్చుని, "లెయ్ రా. బాంబు చప్పుడు ఇట్లుండదు" అన్నాడు. అనుభవం అనుభవమే.

ఇక పందెం. ఎంత వెక్కిరించుకున్నా ఈ ఒక్కటీ నిజాయితీగా చెప్పుకోవాలి. పత్రికలో నేను చూసిన బొమ్మలకు చప్పుడు లేదు. కాలే నూనె వాసన లేదు. బండి గుట్ట ఎక్కి, దిగడం మరిచిపోయినట్టు అలాగే ఆకాశంలోకి పోయి, అక్కడ ఒక్క క్షణం ఆలోచించుకుని, మళ్లీ నేలకు దిగేది. దిగినప్పుడు లేచిన మట్టి మా మీద పడేది. తుడుచుకోవాలని కూడా తోచలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము వల్లే అని మామకు చెప్పాను.

సరిగ్గా అప్పుడే మామ చెయ్యి నా తొడ మీద బిగుసుకుంది.

"ఎదురుగా సూడు."

దారికి అవతల, జనంలో, ఒక ఎర్ర తువ్వాల. దాని పైన లింగన్న తలకాయ. ఆయనా మమ్మల్ని చూశాడు.

"పోదాం పా మామా."

"మనమెందుకు పోవాల? వాన్ని పొమ్మను."

అవతల లింగన్న కూడా అదే అని ఉంటాడు. ఇద్దరూ కదల్లేదు. కాసేపటికి రెండో స్థానంలో ఉన్న స్వీడన్‌వాడు మలుపు తిరగ్గానే లింగన్న లేచి చప్పట్లు కొట్టాడు. అంతే. బెల్జియం మా పల్లెలో ఒక వర్గమైంది, స్వీడన్ ఇంకో వర్గమైంది. మా పొట్టేలయ్య గుట్ట దూకితే మామ ఈల వేసేవాడు. స్వీడన్‌వాడు దూకితే లింగన్న తొడగొట్టేవాడు. ఆ ఇద్దరు రైడర్లకూ తమ భుజాల మీద జమ్మలమడుగు తాలూకా పౌరుషం ఉందని తెలిస్తే అక్కడే దిగిపోయి ఉండేవాళ్లు.

దారి పక్కన అక్కడక్కడ కొందరు జెండాలు పట్టుకుని నిలబడ్డారు. ఒకచోట ఎవరో బండితో సహా పడితే, అక్కడున్నతను పసుపుపచ్చ జెండా ఊపాడు. మామ ముఖం వెలిగింది.

"ఒరే, మన రంగు! ఆ పసుప్పచ్చది ఎందుకు ఊపుతాండాడు?"

నాకు తెలియదు. ఇక్కడ "తెలీదు మామా" అని ఉంటే ఈ కథ లేదు. కానీ ఎదురుగా శత్రువు, పక్కన నన్నే నమ్ముకున్న మేనమామ. నోరు తనంతట తానే తెరుచుకుంది.

"ఉషారు ఇచ్చే జెండా మామా. 'శానా బాగా పోతాండావు, ఇంకా తొక్కు' అని అర్థం. దాన్ని చూస్తే వాళ్లకు ఊపొస్తాది."

"నిజమేనా?"

"పత్రికలో చదివినా మామా!"

ఆఖరు చుట్టు వచ్చింది. పొట్టేలయ్య ముందు, స్వీడన్‌వాడు వెనకాలే. మామ భుజం మీది తువ్వాల లాగి నా చేతిలో పెట్టాడు. "పోరా అల్లుడా. మనోనికి ఉషారు ఇయ్యి. ఆ లింగన్న సూడాల!"

నేను పరుగెత్తాను. జనాన్ని తోసుకుని, తాడు కింద దూరి, గెలుపు గీతకు ముందున్న పెద్ద గుట్ట పక్కన నిలబడి, జాతరలో పూనకం వచ్చినవాడిలా తువ్వాల ఊపాను. ఊపడమంటే మామూలు ఊపడం కాదు, ఆ గాలికి నా జుట్టే లేచింది.

పొట్టేలయ్య నన్ను చూశాడు. నేను ఆనందంగా నవ్వాను. ఆయన ఒళ్లు వెనక్కి లాగి పట్టాడు, బండి ముక్కు కిందికి వాలింది. ఆయన బ్రేకు వేశాడు. గాల్లోకి లేవాల్సిన బండి బస్సు దిగే ముసలమ్మలా గుట్ట ఎక్కి, మెల్లగా దిగింది. గుట్ట అవతల ఎవరు పడి ఉన్నారో అని ఆయన అటూ ఇటూ వెతుకుతున్నాడు. ఎవరూ లేరు. నాకు కంగారు పుట్టి చేతులు దించాను, తువ్వాల కూడా కింద పడింది. దాంతో వెనకాల వస్తున్న స్వీడన్‌వాడికి ఏ జెండా కనపడలేదు. ఆయన ఆకాశంలో మా పొట్టేలయ్యను దాటుకుని పోయి గెలుపు గీత దగ్గర దిగాడు.

తర్వాత నా చొక్కా కాలరు నా చేతిలో లేదు. నిర్వాహకుల గుడారంలోకి నన్ను ఈడ్చుకుపోయారు. ఒక పెద్ద మీసాలాయన బల్ల గుద్ది, కన్నడంలో మొదలెట్టి తెలుగులోకి దిగాడు.

"యారప్ప నీను? ఎవరు పంపినారు నిన్ను? స్వీడన్‌వాళ్లా?"

"ఎవరూ పంపలేదు సార్. ఆయన గెలవాలనే ఊపినా."

"గెలవాలని పసుపు జెండా ఊపుతారా? ముందు ప్రమాదముంది, నెమ్మదిగా పో, గుట్ట దూకవద్దు, ఎవర్నీ దాటవద్దు. అదీ దాని అర్థం! చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఇది కుట్ర!"

అప్పుడే మామ రొప్పుతూ లోపలికొచ్చాడు. ఆ అర్థం ఆయన చెవిన కూడా పడింది. ఆయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నాకు అన్నం ముందు గుర్తొస్తే మెతుకు దిగదు. తిట్టలేదు. "చదివినానంటివే" అన్నాడు, అంతే.

"సార్," అన్నాడు మీసాలాయనతో, "వీడు నా మేనల్లుడు. కుట్ర చేయాలంటే బుర్ర ఉండాల సార్. వీనికి అది ల్యా."

"మీరు అతని మనిషి. మీ మాట ఎలా నమ్మేది?"

గుడారం గుమ్మంలో ఒక గొంతు వినిపించింది. "నేను వాళ్ల మనిషిని కాదు సార్. నేను చెప్తా."

లింగన్న. మామా ఆయనా ఒక కప్పు కింద నిలబడి ఎన్నేళ్లయిందో!

"సార్, వీళ్లకూ మాకూ పడదు. వీళ్ల గడ్డివామి కాలితే నాకు పండగ. అయినా ఉన్నమాట చెప్పాల. ఈ పిల్లోణ్ని నేను పుట్టినప్పటినుంచి ఎరుగుదును. వీడు అచ్చమైన తెలివితక్కువోడు సార్. మా ఊర్లో ఎవరినైనా అడుగు."

"అవును సార్," అన్నాడు మామ.

"గొర్రెను కాయమంటే తోడేలును కాసుకొస్తాడు," అన్నాడు లింగన్న.

"నిజమే సార్, ఒకసారి కుక్కను తోలుకొచ్చినాడు," అన్నాడు మామ.

పల్లెలో రెండు వర్గాలు ఒక్క విషయం మీద ఒక్కటి కావడం అదే మొదలు. ఆ విషయం నా మూర్ఖత్వం. లింగన్న ఆగలేదు, నా వైపు తిరిగి మెల్లగా అన్నాడు: "నేనూ తువ్వాల ఊపుదామనే లేసినారా. పక్కనున్నాయన్ని అడిగినా. ఎర్రది ఊపితే పందెమే నిలబడిపోతాదన్యాడు. కూచున్యా. అడిగితే పోయేదేముందిరా నాయనా?"

ఈ మాటకు దించిన తల నేను ఇంకా పూర్తిగా ఎత్తలేదు.

పొట్టేలయ్యను కూడా పిలిచారు. ముసుగు తీస్తే ముఖమంతా మట్టి, కళ్ల చుట్టూ మాత్రం తెల్లగా. దగ్గరగా చూస్తే నాకంటే నాలుగేళ్లు పెద్ద, అంతే. మీసాలాయన జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పాడు. ఆ కుర్రవాడు నన్ను చాలాసేపు చూశాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. నా భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. మీసాలాయన ముఖం గంభీరంగా పెట్టుకుని తెలుగులో చెప్పాడు.

"నీ అభిమానానికి కృతజ్ఞతలు అంటున్నాడు. వచ్చేసారి దయచేసి అవతలివాణ్ణి అభిమానించమంటున్నాడు."

ముందు నవ్వింది లింగన్న. తర్వాత మామ. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. నేనొక్కణ్ణే ఏడుపు ఆపుకున్నాను. నియమాల పుస్తకంలో మూర్ఖత్వానికి శిక్ష లేదట, వదిలేశారు. ఫలితం మాత్రం మారలేదు.

ప్రొద్దుటూరుకు నాకంటే ముందు ఆ కబురు చేరింది. షెడ్డులో నా కుర్చీ తీసేశారు. అది కూడా భరించాను. పల్లెలో గడ్డివాములు కాలడం ఆగిందా అంటే, ఆగలేదు గానీ కొన్నాళ్లు నెమ్మదించింది. తర్వాతి ఎన్నికలొచ్చినప్పుడు నేను పౌరుషంగా పోయి, "మామా, ఈసారి మన పక్క నేను ప్రచారం చేస్తా" అన్నాను. మామ నన్ను ప్రేమగా దగ్గరికి పిలిచి, "వద్దు నాయనా. నువ్వు పోయి లింగన్న పక్క తిరుగు" అన్నాడు. సరేనని లింగన్న ఇంటికి పోయాను. ఆయన లేచి రెండు చేతులూ జోడించి, "నీకేం తక్కువ జేసినానురా? మీ మామ దగ్గరికే పో" అన్నాడు.

అందుకే గండి అంజన్న గుడి ముందు, పాపాఘ్ని ఏట్లో మూడు మునకలేసి, తడిబట్టలతో ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంకెవరినీ గెలిపించను. ఎవరైనా గెలవాలని మరీ మరీ అనిపిస్తే, ఇంట్లో తలుపేసుకుని, చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని మనసులోనే కోరుకుంటాను. అది కూడా అవతలివాడి పేరున.