కమలాపురం పక్క పల్లెలో నా ప్రార్థనను ఆపేసిన అవ్వ

మా ఆవిడ రూతమ్మ కడుపులో గడ్డ ఉందనీ, సోమవారం ఆపరేషన్ చేస్తామనీ, బయటికి తీశాక గానీ అది ఎలాంటిదో చెప్పలేమనీ డాక్టరమ్మ గురువారం సాయంత్రం చెప్పింది. నేను కాగితాల మనిషిని. కర్నూలు రాజధాని అయ్యాక డేరాల్లో పెట్టిన ఆఫీసుల్లో ఒకదానిలో అర్జీలు చూసే గుమాస్తాను. ఏ కష్టానికి ఎవరికి రాయాలో, ఎలా రాస్తే పని జరుగుతుందో నాకు తెలుసుననే ధీమాతో బతికినవాణ్ణి. ఆ సాయంత్రం మాత్రం ఎవరికి రాసుకోవాలో తోచలేదు. మా ఆఫీసు బంట్రోతుల పెద్ద, డఫేదారు దేవదానం నా వాలకం చూసి దగ్గరికొచ్చి చెప్పాడు. "సార్, కమలాపురం పక్కన మా అత్తగారి పల్లె ఉండాది. ఎండాకాలం పొలం పనులుండవు గదా, శనివారం శనివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రార్థన పెట్టుకుంటారు. ఆడ సంతోషమ్మవ్వ అని ఒకామె ప్రార్థన నడిపిస్తాది. ఒకసారి పోయిరాండి సార్." పోవడానికి శుక్రవారం, రావడానికి ఆదివారం. ఆపరేషన్‌లోగానే తిరిగి రావచ్చు. పిల్లలిద్దరినీ పక్కింటివాళ్లకు అప్పగించి, ఆసుపత్రిలో రూతమ్మకు తోడున్న మా అత్తగారికి కబురు పంపి బయలుదేరాను. నేనే వెళ్లి రూతమ్మతో ఒక మాట చెప్పాలని నాకు తట్టనే లేదు.

కడప బస్సు కర్నూలులో పొద్దున ఆరింటికి. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా నూట ఇరవై మైళ్లకు పైమాటే. టిక్కెట్టు ఐదు రూపాయల లోపు. ముందు కూర్చుంటే ఇంజను వేడి, వెనక కూర్చుంటే దుమ్ము. మే నెలలో వెళ్లేవాళ్లు ఎడమవైపు కిటికీ పట్టుకుంటే పొద్దునంతా మాడిపోతారు, కాబట్టి కుడివైపు చూసుకోండి. నంద్యాలలో తొమ్మిది దాటాక పావుగంట ఆపుతారు, అక్కడే ఇడ్లీ తినేయడం మంచిది, ఆ తర్వాత దొరికేదంతా చల్లారిన బోండాలే. దారి పొడుగునా నేను చేసిన పని ఒకటే. నోటు పుస్తకం ఒళ్లో పెట్టుకుని దేవుడికి నా మనవులు వరుసగా నంబర్లు వేసి రాశాను. ఆపరేషన్ బాగా జరగాలి, గడ్డ చెడ్డది కాకూడదు, నాకు సెలవు మంజూరు కావాలి, పై గ్రేడు రావాలి, అద్దెకు పైకప్పు సరిగా ఉన్న ఇల్లు దొరకాలి. అలా పదకొండు తేలాయి. చదువుకుని చూస్తే చాలా పొందికగా ఉంది. రోజూ నా బల్ల మీదికి వచ్చే అర్జీలు ఇందులో సగం తీరుగా ఉన్నా చాలునని మురిసిపోయాను కూడా. కడప చేరేసరికి రెండున్నర, ఆ రాత్రికి స్టేషను దగ్గరి సత్రంలో పడుకున్నాను.

శనివారం తెల్లవారాక రైలెక్కితే గంట లోపే కమలాపురం. స్టేషను బయట మస్తాన్ అనే జట్కా ఆయన దొరికాడు. పల్లె నాలుగు మైళ్లు, మూడు మైళ్లు జట్కా, చివరి మైలు ఇసుక దారిలో నడక. ఆరణాలు అడిగాడు, బేరమాడకుండా ఎక్కాను. బజారు దాటుతుండగా గుర్రాన్ని ఆపి, "ఈడ కడుపు నిండా నీళ్లు తాగి, సీసాకు పట్టుకొని పోండి సార్. ఆ పల్లెలో నీళ్లకు శానా కరువుండాది" అన్నాడు. ఎదురుగా సోడా కొట్టు కనిపించింది. ఆ కొట్టువాడు ఇతని బంధువై ఉంటాడనీ, నాతో రెండు సోడాలు కొనిపించే ఎత్తు అనీ అనుకున్నాను. "నాకు దప్పిక లేదులేవయ్యా, పద" అన్నాను. ఆయన గుర్రాన్ని అదిలించాడు.

పల్లె చేరేసరికి ఎనిమిదిన్నర. మట్టిగోడలు, గడ్డి కప్పు, దాని మీద కర్రతో చేసిన చిన్న సిలువ. అదే గుడి. ఇసుకలో మైలు నడిచిన ఒళ్లు చెమటతో ముద్దయింది. గుమ్మం పక్కన పెద్ద బాన నిండా నీళ్లు, పైన చెంబు. దేవుని సన్నిధికి మురికి కాళ్లతో ఎలా వెళ్తామని మోకాళ్ల దాకా కడుక్కున్నాను. ముఖానికి, మెడకు, చివరికి నెత్తికీ చెంబు మీద చెంబు పోసుకున్నాను. ప్రాణం లేచి వచ్చింది. గుమ్మం దగ్గర కూర్చున్న ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నన్నే చూస్తోంది. పట్నం నుంచి వచ్చిన ఆఫీసరని జంకుతోంది కాబోలు అనుకుని హుందాగా లోపలికి వెళ్లాను.

లోపల నలభై మంది ఉంటారు. కూలీలు, అర ఎకరం ఒక ఎకరం ఉన్న చిన్న రైతులు. ఒక పాట పాడారు, ఊరుకున్నారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన లేచి, "నిన్న మేకలు తోలుకొని గుట్ట మీదికి పోతాంటే చల్లగా గాలి తగిలింది. నువ్వేనని గుర్తుపట్టినా సామీ" అని చెప్పి కూర్చున్నాడు. అంతే, ఆమెన్ కూడా అనలేదు. ఇంకొకామె, "నువ్వు ఈడ ఉండావు" అని మూడుసార్లు అంది. మళ్లీ నిశ్శబ్దం. నేను గడియారం చూసుకున్నాను, తొమ్మిదింపావు. ఇలా అయితే నా పదకొండూ ఎప్పుడు పూర్తవుతాయని విసుగు పుట్టి, లేచి నిలబడి గొంతు సవరించుకున్నాను. "మహోన్నతుడవైన దేవా! నీ దివ్య సముఖమునకు ఈ దాసుడు మిక్కిలి వినయముతో విన్నవించుకొనునది ఏమనగా..." మొదటి మనవి అయింది. రెండోది సగంలో ఉంది.

"ఆగప్పా!"

పాతికేళ్లుగా గుళ్లలో ప్రార్థన చేస్తున్నాను. నిద్రపోయినవాళ్లను చూశాను, మధ్యలో లేచి వెళ్లినవాళ్లను చూశాను, ప్రార్థిస్తున్నవాణ్ణి ఆపిన మనిషిని మాత్రం చూడలేదు. ముందు వరుసలో ఎండుకట్టెలాంటి ముసలావిడ నా వైపు తిరిగి కూర్చుంది. సంతోషమ్మవ్వ ఈవిడేనని అడగకుండానే తెలిసింది.

"యాడినుంచి వస్తాండావు నాయనా?"

"కర్నూలు నుంచి."

"శానా దూరం. ఇంత దూరం వచ్చినోడివి ఆయన్ను పలకరించినావా?"

"అదేగదమ్మా చేస్తున్నాను!"

"ల్యా, పలకరించల్యా. పని చెప్తాండావు. ఈడ పొద్దునంతా ముఖం పూట నాయనా. ఆయన ముఖం చూస్తా కూచుంటాము. అడిగేది మద్యాన్నం మీద, అక్కర పూట. కూచో."

నాకు ఒళ్లు మండిపోయింది. "నా భార్యకు సోమవారం ఆపరేషనమ్మా! బతుకుతుందో లేదో తెలీదు. నీ పూటల లెక్క దేవుడికెందుకు?" అని గట్టిగా అరిచాను. అవ్వ కోప్పడలేదు. నేల మీద పాక్కుంటూ వచ్చి నా ముందర కూర్చుంది.

"అడగద్దని ఎవరన్నారప్పా? శానా అడుగుదాం. అది గాదు నేను చెప్పేది. మా బతుకంతా ఆసామి వాకిట్లో నిలబడి అడుక్కున్నదే. లోపలికి పోరాదు. వాకిట్లో నిలబడి అక్కర చెప్పుకొని, చాటలో గింజలు పోస్తే పట్టుకొని వచ్చేస్తాము. యాభై ఏండ్లు గింజలు తెచ్చుకున్నా గానీ ఆసామి కండ్లు ఎట్లుంటాయో నాకు తెలీదు. దేవుడేమో మమ్మల్ని లోపలికి రాండి అన్నాడు. లోపలికి వచ్చినాక గూడా వాకిట్లో మాదిరి అరిచి పోతామా, నువ్వే చెప్పు."

రోజుకు వంద అర్జీలు అందుకుంటాను, ఇచ్చిన మనిషి ముఖం ఒక్కసారి కూడా తలెత్తి చూడను. ఆ సంగతి ఈవిడకు ఎవరు చెప్పారా అని బిత్తరపోయి కూలబడ్డాను.

పదకొండయ్యేసరికి నాలుక అంటుకుపోయింది. నీళ్ల కోసం బయటికి వచ్చాను. బాన అడుగున చెంబు మునిగేపాటి కూడా లేవు. గుమ్మం దగ్గరామెను అడిగాను. ఆమె తటపటాయించి చెప్పింది.

"ఇంక నీళ్లు యాడియి సార్? సాయంత్రం దాకా అందరికీ అవే. మీరు కాళ్లకు పోసుకుంటిరి."

బావి ఎండి రెండు నెలలైందట. ఆడవాళ్లు చీకటితోనే ఏటికి వెళ్లి ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు గరిటెతో తోడుకుంటారట. ఒక కడవ నిండడానికి గంట. ఆ బానలో నేను పాడు చేసింది ఇద్దరు ముగ్గురి తెల్లవారుజాము కష్టం.

"అప్పుడే చెప్పకపోయినావా అమ్మా!"

"నేను లేస్తాంటే అవ్వ లోపల్నుంచి చెయ్యి ఊపె. దూరం నుంచి వచ్చిన మనిషి, కడుక్కోనీ అనె."

"మరి లోపల ఇంతసేపటి నుంచి ఒక్కరూ ప్రార్థనలో నీళ్ల మాట ఎత్తలేదేం?"

ఆమె నా వైపు వింతగా చూసింది. "ముఖం పూట గదా సార్."

తిరిగి లోపలికి వెళ్లి కూర్చున్నాను. అడగడానికి నోరు రాలేదు. పొగడటానికీ మాటలు దొరకలేదు. వెలుగు కనబడిందనో స్వరం వినబడిందనో నేను రాయను, అలాంటివేవీ జరగలేదు. జరిగిందల్లా ఇదే: అక్కడ ఒకరు ఉన్నారు. నేను వచ్చినప్పటి నుంచీ, బహుశా నా చిన్నప్పటి నుంచీ ఉన్నారు. పాతికేళ్లు ఆయనతో మాట్లాడాననుకున్నాను గానీ, ఎదుట మనిషి ఉన్నాడో లేడో చూడకుండానే చదివి వినిపించాను. భయమేసింది, సిగ్గేసింది, లేచి వెళ్లాలని మాత్రం అనిపించలేదు.

మధ్యాహ్నం తలా ఇంత సంగటి, ఊరిబిండి పచ్చడి తిన్నాక అక్కర పూట మొదలైంది. నీళ్లతోనే మొదలుపెడతారనుకున్నాను. అవ్వ నా వైపు తిరిగి, "ముందు ఈయన భార్య సంగతి. ఆ బిడ్డ పేరేంది నాయనా?" అంది. చెప్పాను. "ఎట్లుంటాది? దేనికి నవ్వుతాది? చెప్పు, మాకు తెలిస్తే గదా అడిగేది." రూతమ్మ మంచం నంబరు నాకు తెలుసు. ఆసుపత్రి చీటీ నంబరు తెలుసు. ఎనిమిదేళ్లు కాపురం చేసి, ఆమె దేనికి నవ్వుతుందో నలభై మంది ముందు నాకు చెప్పడం రాలేదు. ఆ పూట నాకు తగిలిన దెబ్బల్లో పెద్దది ఇదే. ఎండిన నోళ్లతో నలభై మందీ రూతమ్మను పేరుపెట్టి పిలిచి ఆమె కోసం ఏడ్చారు. ఆ తర్వాతే నీళ్లు అడిగారు. నా వంతు వచ్చినప్పుడు, ఆదివారం ఆసుపత్రి తలుపులు మూసేలోగా నన్ను ఆమె దగ్గరికి చేర్చమని మాత్రం అడిగాను.

ఆదివారం కడపలో పొద్దున బస్సు పట్టుకుంటే కర్నూలు మూడున్నరకు వస్తుంది. ఆసుపత్రిలో చూడనిచ్చేది నాలుగు నుంచి ఆరు. మా అత్తగారు నన్ను చూసి లేచి బయటికి వెళ్లింది. నేను స్టూలు దగ్గరికి లాక్కుని రూతమ్మ పక్కన కూర్చున్నాను. బీరువా తాళం ఎక్కడ పెట్టావని అడగలేదు, పిల్లాడి ఫీజు సంగతి ఎత్తలేదు, డాక్టరమ్మ ఏమందని కూడా అడగలేదు. ఊరికే ఆమెను చూస్తూ కూర్చున్నాను. ఎడమ కనుబొమ మీద చిన్న మచ్చ ఉంది. ఎప్పటిదో నాకు తెలియదు. కాసేపటికి ఆమె ముఖంలో రంగు పోయింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకట్లా చూస్తాండారు? నేను బతకనని చెప్పినారా మీకు?"

"ఎవరూ ఏమీ చెప్పలేదు రూతమ్మా. ఊరికే వచ్చినా."

"మీరు ఊరికే రారు" అంది ఆమె. నిష్ఠూరంగా కూడా కాదు, రేపు సోమవారం అన్నట్టు చెప్పింది. నిజంగానే ఊరికే వచ్చానని ఆమె నమ్మడానికి ఆ రెండు గంటలూ పట్టింది.

ఆపరేషన్ అయింది. గడ్డ తీశారు. మనిషి నీరసంగా ఉంది గానీ కూర్చుంటోంది, గంజి తాగుతోంది. గడ్డ ఎలాంటిదో తేల్చే కాగితం మద్రాసు నుంచి రావాలి, ఇంకా రాలేదు. మంచి కబురే రావాలని రోజూ అడుగుతున్నాను. అడగడం మానేసేంత గొప్పవాణ్ణి కాలేదు, అవ్వ మానమని అననూ లేదు. కాకపోతే ఇప్పుడు ముందు వెళ్లి కూర్చుంటాను. కొన్ని రోజులు ఆ కూర్చోవడంలోనే టైమైపోతుంది, అడగవలసింది మిగిలిపోతుంది, అయినా చేతులు ఖాళీగా లేచి వచ్చినట్టు ఉండదు. మీలో ఎవరైనా ఆ పల్లెకు వెళ్లదలిస్తే ఒక్క మాట. కడపలో పదకొండు గంటలకు ఇంకో రైలు బండి ఉంది. ఎక్కితే సరిగ్గా అక్కర పూటకు చేరుస్తుంది, పొద్దున్నే లేవక్కర్లేదు, నడకా ఎండ తిరిగాక మొదలవుతుంది. నాలాంటివాళ్లకు చాలా అనుకూలమైన బండి. దాన్ని మాత్రం ఎక్కకండి.