అన్న డబుల్ మీద నేను పాడిన ఐదు ఇస్పేట్లు

పోయిన ఆదివారం మా అల్లుడు జయనగరంలో జరుగుతున్న బ్రిడ్జి పోటీ చూపిస్తానని నన్ను వెంటబెట్టుకు వెళ్లాడు. హాలు నిండా బల్లలు, బల్లకు నలుగురు, అయినా గుళ్లో ఉన్నంత నిశ్శబ్దం. వేలంపాట కూడా ఇప్పుడు నోటితో పాడరట, పక్కనున్న డబ్బాలోంచి అట్టముక్క తీసి బల్ల మీద పెడతారు. నా కుర్చీకి దగ్గరగా ఉన్న బల్ల మీద ఒక కుర్ర జంట, మొగుడూ పెళ్లాలు, జోడీగా ఆడుతున్నారు. అతను డబుల్ పెట్టాడు. ఆ అమ్మాయి దాన్ని కాదని ఇంకా పైకి పాడి ఓడగొట్టింది. ఎందుకట్లా చేశావని అతను అడిగాడు, ఏమో అనిపించిందని ఆమె భుజాలెగరేసింది, ఇద్దరూ నవ్వుకుని కాఫీకి లేచారు. నేను మాత్రం చేతిలో ఉన్న కాఫీ కింద పెట్టేశాను.

మన ఈడువాళ్లలో ఈ ఆట ఎరగనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. ఒకరి ముక్కలు ఒకరికి కనబడవు. నలుగురూ తలో ముక్క వేస్తే పెద్దముక్క వేసినవాళ్లకు ఒక పట్టు. ఆటకు ముందు వేలం జరుగుతుంది, ఫలానా రంగు తురుపుగా మేమిన్ని పట్లు పడతామని ఒకరి మీద ఒకరు పెంచుకుంటూ పోతారు, అన్నన్ని పట్టకపోతే దెబ్బ తింటారు. అవతలివాళ్లు తాహతుకు మించి పాడారనిపిస్తే డబుల్ అంటాం, అప్పుడు ఆ దెబ్బ రెట్టింపు. ఆ ఘట్టంలో జోడీ నోట డబుల్ అన్నమాట వస్తే దానికి ఒకటే తాత్పర్యం: వీళ్లను ఇక్కడే పడగొడదాం, నువ్విక మాట్లాడకు. దాన్ని తోసేసి పైకి పాడటమంటే నలుగురిలో జోడీ చెంప మీద కొట్టినట్టే.

నా కుర్రతనంలో మైసూరు సంస్థానం మొత్తంలో నన్ను మించిన ఆటగాడు లేడని చెప్పుకునేవారు. అంటే, నేను చెప్పుకునేవాణ్ణి. కంటోన్మెంటు దండు నుంచి మా క్లబ్బుకు వచ్చిన ఒక తెల్లదొర నా ఆట చూసి లేచి నిలబడి టోపీ తీశాడని మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. దొర లేచిన మాట నిజమే, టోపీ తీసిన మాటా నిజమే. ఫ్యాను కింద కుర్చీ ఖాళీ అయితే అందులోకి మారి, ఉక్కకు ఆ టోపీతో విసురుకున్నాడు.

నా జోడీ మా అన్న. యుద్ధం ముగిసే రోజులు, బట్టకు కంట్రోలు ఉన్న రోజులు. చిక్కపేటలో మా బట్టలంగడి, అంగడి వెనకే ఇల్లు. నాన్న అర్ధాంతరంగా పోతే అన్న హైస్కూలు మానేసి గద్దె మీద కూర్చున్నాడు. నేను కాలేజీకి వెళ్లి బీఏ చేశాను. బీఏ చేసినవాణ్ణి అంగడిలో బట్ట కొలుస్తానా అని విమానాల కార్ఖానాలో గుమాస్తాగా చేరిపోయాను. చేరిన రోజు సాయంత్రం అన్న అంగడి నిండా జనముండగా, వీడి చేతికి గజంబద్ద ఇస్తే బట్టకే అవమానమప్పా అన్నాడు. కూలివాళ్లు కూడా నవ్వారు. ఆ క్షణం నుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

మాటల్లేవంటే మాట్లాడుకోలేదని కాదు, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదని. పక్కపక్కనే భోజనానికి కూర్చుని వదిన ద్వారా పొడుచుకునేవాళ్లం. “ఈ ఇంట్లో ఎవరో బీఏలు ఉండారంట, వాళ్లకు ఇంకా సారు కావాల్నేమో అడుగు” అని ఆయన గోడకేసి చూస్తూ అనేవాడు. “కొందరికి అంగడి మూసినా కొలతలు పోవు వదినా, నాకు చాలని చెప్పు” అని నేను. మధ్యలో ఆ తల్లి చారుగరిటె పట్టుకుని నిలబడి, “మీ ఇద్దరికీ నేనేమన్నా టపా మనిషినా” అని విసుక్కునేది.

అయినా బ్రిడ్జిలో జోడీ విడిపోలేదు. విడిపోతే మాతో ఇంకెవరూ ఆడరు, ఇద్దరివీ అట్లాంటి నోళ్లు. పేకముక్క కనబడితే శాపాలు పెట్టే మా అమ్మ కూడా దీనికి అడ్డు చెప్పలేదు. అట్లయినా ఒకరి మొగం ఒకరు చూస్తా ఉండారు, ఆడుకోనీ అని వదినతో అనేదట. ఎనిమిది నెలలు మా అన్న నాతో నేరుగా పలికిన మాటలన్నీ ఆ బల్ల మీదివే: రంగులు, అంకెలు, పాసు, డబుల్. ఒక్కోసారి రెండు ఆఠీన్లు అని ఆయన అనే తీరులోనే నన్ను తిట్టినట్టుండేది. నేనూ అదే తీరులో మూడు కళావర్లు అనేవాణ్ణి.

ఆ ఏడు మా క్లబ్బు తరఫున మద్రాసు వెళ్లి ఆడటానికి ఒక జోడీని ఎంచాలన్నారు. మా అన్నకు అది ఎంత ముఖ్యమో ఇంట్లో అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ నాకు తెలుసు. క్లబ్బు నిండా ప్లీడర్లూ ఇంజనీర్లూ. వాళ్లు ఆయన్ని సాహుకారూ అని పిలిచి, పంచెల ధర అడిగి, ఇంగ్లీషులోకి దిగి తమలో తాము మాట్లాడుకునేవారు. చదువు ఆగిపోయిన మనిషి, వాళ్ల ఆటలో వాళ్లను గెలిచి వాళ్ల పేరు మీదే రైలెక్కాలని రెండేళ్లుగా ముక్కలు పరుచుకుని సాధన చేశాడు. వదిన దగ్గర ఒకసారి, మద్రాసు పోతే ఇంక నన్ను ఎవడు సాహుకారు అంటాడో చూస్తా అన్నాడట.

ఎంపిక ఆట మాకూ, ఒక ప్లీడరు జోడీకీ. మధ్యాహ్నం రెండింటికి మొదలై ఐదు దాటినా తెమల్లేదు. చివరి పంపకం నాటికి మేమే ఓ పిసరు ముందున్నాం. నేను ఒక ఇస్పేటు అన్నాను. ప్లీడరు రెండు డైమన్లు అన్నాడు. అన్న ఏకంగా నాలుగు ఇస్పేట్లకు పోయాడు. ప్లీడరుకు ఎదురుగా ఉన్నవాడు ఐదు డైమన్లు అన్నాడు. నేను పాసన్నాను. అక్కడ పాసంటే చేతకాక కాదు, పైకి పోదామా, ఇక్కడ పడగొడదామా, తేల్చే పని నీకే వదిలాను అని. ప్లీడరూ పాసన్నాడు. అన్న నిదానంగా డబుల్ అని, ముక్కలు బోర్లించి బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు.

అంగడిలో ఆఖరు ధర చెప్పాక గజంబద్దను అడ్డంగా పెట్టి ఇట్లాగే చేతులు కట్టుకునేవాడు. ఇంక బేరం లేదని దానర్థం. ఆ చేతులు చూడగానే నాకు ఒళ్లంతా మండింది.

ఈ కథ ఇక్కడి నుంచి నేను యాభై ఏళ్లుగా ఒకే రకంగా చెబుతూ వచ్చాను. అన్న తొందరపడి డబుల్ అన్నాడనీ, ఐదు డైమన్లు వాళ్లకు కళ్లు మూసుకుని అయిపోయేవనీ, ఆపద కనిపెట్టి ఐదు ఇస్పేట్లు పాడి నేను కాపాడబోయాననీ, మా దురదృష్టం వల్ల ఒక్క పట్టు తగ్గిందనీ. పెళ్లి పందిళ్లలో చెప్పాను, రైళ్లలో చెప్పాను, కార్ఖానాలో పదవీ విరమణ రోజున మైకులో కూడా చెప్పాను.

ఇప్పుడు అసలు సంగతి. నా చేతిలో రెండు ఆసులున్నాయి. ఒకటి వాళ్ల డైమన్లదే. ఐదంటే ఆరు మీద ఐదు, పదమూడు పట్లలో వాళ్లు పదకొండు పట్టాలి, మాకు మూడొస్తే చాలు. రెండు పట్లు నా జేబులో ఉన్నట్టే, డబుల్ అన్నవాడి దగ్గర ఇంకొక్కటి ఉండదా? నోరు మూసుకుని పాసంటే చాలు, వాళ్లు పడేవాళ్లు, మేము గెలిచేవాళ్లం, అన్న మద్రాసు వెళ్లేవాడు. అన్నీ తెలుసు. తెలిసే ఐదు ఇస్పేట్లన్నాను. గెలుపు ఆయన మాట మీద రావడం నాకు ఇష్టం లేదు, అంతే. ప్లీడరు డబుల్ అన్నాడు. పదకొండు పట్టాల్సినచోట పదే పట్టాం. ఆట పోయింది.

ప్లీడరు మా నాలుగు చేతుల ముక్కలూ తిప్పి చూసి, ఐదు డైమన్లు తమకు రెండు పట్లు తక్కువయ్యేవని తేల్చాడు. “ఏమప్పా తమ్ముడా, ఇంట్లోనూ అన్న మాటకు ఇంతేనా మర్యాద” అని నవ్వాడు. నేను తలెత్తలేదు. అప్పుడు అన్న ముక్కలు పోగు చేస్తూ చెప్పాడు: “వాడు పాడింది సరిగ్గానే ఉండాది సార్. నా డబులే తప్పు.”

అది పచ్చి అబద్ధమని ఆ బల్ల చుట్టూ ఉన్న నలుగురికీ తెలుసు. అన్న నన్ను కాపాడాడనుకుంటున్నారా? నేనూ క్షణంసేపు అనుకున్నాను. మెట్లు దిగేటప్పుడు ఆయన నా వైపు చూసిన చూపుతో తెలిసింది. ఇంట్లో తగువుల రంపు ప్లీడరు ముందు పెట్టకూడదని ఆ మాట అన్నాడు. నాతో తిట్టుకునేంత సంబంధం కూడా ఇక వద్దనుకునే అన్నాడు. ఆ రోజు తర్వాత పేక ముట్టలేదు. వదిన ద్వారా పొడవటం కూడా మానేశాడు. సారు కావాలా అని గోడను కూడా అడగలేదు. ఇంకో ఇరవై రెండేళ్లు అదే ఇంట్లో బతికి, పోయాడు. నేను మాత్రం, నా డబులే తప్పని మా అన్నే నలుగురిలో ఒప్పుకున్నాడని, ఆయన అబద్ధాన్నే సాక్ష్యంగా చూపిస్తూ ఇన్నేళ్లూ ఊరేగాను.

ఇప్పుడు చిక్కపేట ఇల్లు లేదు. అన్న పిల్లలు యలహంకలో, నా పిల్లలు ఊరికి ఆ కొసన ఉన్నారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు కావలించుకుంటారు, ఫోటోలు దిగుతారు, ఎవరికీ ఎవరి మీదా పిసరంత కోపం లేదు. చూస్తే ముచ్చటగానే ఉంటుంది, ఒక్కోసారి అసూయ కూడా కలుగుతుంది. కాని, ఎదురుగా కూర్చున్నవాడి చేతిలో ఏముందో చూడకుండానే చెప్పగలిగేంతగా, ఎక్కడ కొడితే వాడు మళ్లీ లేవడో అంత కచ్చితంగా తెలిసేంతగా, వాళ్లలో ఎవరికీ ఎవరూ తెలియరు.