దస్తీ ఏసి ఆపుకున్న సీటు

ఎనిమిదేండ్లయింది. ఒక మాట గొంతుల ముల్లు లెక్క ఉన్నది. మింగలేను, కక్కలేను. ఇంట్ల నా భార్యకు గూడ చెప్పలే. ఇయ్యాల మీకు చెప్తున్న. నా పేరు మాత్రం అడగకున్రి.

నేను బాస్కెట్‌బాల్ కోచ్‌ని. ఉండేది ఇబ్రహీంపట్నంల. జీతాలిచ్చే లీగుల ఆడోళ్ల టీంకు ఆరేండ్లు చేసిన. నాకు అసిస్టెంట్ ఒకామె ఉండె, సునీత అనుకోన్రి. చెరువుల చేపలు పట్టేటోళ్ల బిడ్డ. నా దగ్గరనే ఆట నేర్చుకున్నది, తర్వాత నాకే నేర్పింది. టైమవుట్ల బోర్డు మీద గీసి ఎత్తు చెప్పేది ఆమె. పేపర్ల ఫోటో మాత్రం నాది.

గప్పుడు మగోళ్ల టీం నుంచి పిలుపొచ్చింది. మా పనిల గది పెద్ద మెట్టు. మస్తు సంబరపడ్డ. లోపల్లోపల భయపడ్డ గూడ. ఆడ నడవకపోతే నా గతేంది? అదే దినం మా మేనేజర్ ఫోన్ చేసి, నీ జాగల సునీతను పెడ్దమా అనడిగిండు. అవ్ అంటే అయిపోవు. నేనేమన్న? ఆటొస్తది గని సార్, టీంను అదుపుల పెట్టలేదన్న. పచ్చి అబద్ధం. ఆమె ఒక్కసారి చూస్తే పోరిలంత సప్పుడు చెయ్యకపోదురు. రిటైరైన ఒక పెద్దమనిషి పేరు చెప్పిన. ఆయన ఒక్క సీజన్ కన్న ఎక్కువ చెయ్యడని నాకెరుకే. బస్సు కిటికీలకెళ్లి దస్తీ ఏసి సీటు ఆపుకుంటరు చూడున్రి, గట్ల.

తెల్లారి గ్రౌండ్ల సునీత బాల్స్‌కు గాలి కొడుతున్నది. తలెత్తకుంటనే అడిగింది.

"సార్, నా పేరు చెప్పిన్రా?"

"చెప్పిన. వాళ్లే ఇనలే."

"పోనియ్యున్రి సార్. మీరు అడిగిన్రు గద, గది చాలు."

చెంప మీద కొట్టినా గింత బాధ కాకపోవు.

మగోళ్ల టీం నన్ను ఏడాదికే తీసేసింది. అనుకున్నట్టే నా సీటు నాకు దొరికింది. సునీత దొరకలే. పెద్దమనిషి తన మనిషిని అసిస్టెంట్‌గ తెచ్చుకుంటే, ఆమె మన్నెగూడల టైల్స్ దుకాణంల చేరింది. రమ్మంటే ఇగ ఆటొద్దన్నది. నేను ఒట్టి భయంతోనే చేసిన్నా? ఆమె నాకన్న మంచిగ చేస్తదని, ఆమెను చూసినంక నన్నెవ్వలు అడగరని తెల్సే చేసిన. గీ సంగతి ఇన్నేండ్లు నాకు నేను గూడ ఒప్పుకోలే.

పోయిన నెల చెప్పేద్దామనే ఆ దుకాణంకు పోయిన. ఆమె సేటును పిలిచి, మా సార్, నా కోసం కొట్లాడిండని చూపిచ్చింది. చాయ్ తెప్పిచ్చింది. తాగిన. ఏ టైల్స్ కావాలె సార్ అంటే, ఏదో ఒకటి చూపిచ్చిన. చెప్పకుంటనే వచ్చిన.

ఆమెకు ఎన్నడన్న చెప్తనో లేదో. మీకైతే చెప్పిన. సునీతను ఎవ్వలు వద్దనలే. నేనే వద్దన్న.