గోడలో కనబడిన గుంట

తాపీ మేస్త్రీని పనివాళ్లు చాటుగా ‘భూతద్దం’ అనేవారు. గోడ చదునుగా ఉందో లేదో బద్ద ఆనించి చూడటం ఆయన ఎప్పుడో మానేశాడు. పక్కగా నిలబడి ఒక కన్ను మూసి చూస్తే చాలు, నీడను బట్టి ఎక్కడ పల్లమో ఎక్కడ మిట్టో చెప్పేసేవాడు. మనుషుల్నీ అదే కంటితో చూసేవాడు. ఇసుక తగ్గితే ఎవరో ఎత్తుకుపోయినట్టే, పని తొందరగా తెమిలితే అందులో ఏదో మోసం ఉన్నట్టే. కూతుర్ని చేసుకుని తన దగ్గరే పనిచేస్తున్న అల్లుడి మీదైతే మరీ ఓ కన్నేసి ఉంచేవాడు.

ఆ రోజు వాన. కడుతున్న ఇంటి కిటికీలకు టార్పాలిన్ పట్టాలు కట్టడంతో మధ్యాహ్నమే హాలంతా చీకటైంది. సిమెంటు బస్తాల వెనక నేల మీద దీపం పెట్టుకుని అల్లుడు గోడ పూత ముగించాడు. మేస్త్రీ వచ్చి చూశాడు. గోడ మధ్యలో అరచేతి మేర గుంట.

“అది గుంట కాదు మామయ్యా. చేతికి ఉబ్బుగానే తగులుతోంది, కాస్త చెక్కితే సరిపోతుంది” అన్నాడు అల్లుడు.

చేసిన తప్పు కప్పిపుచ్చుకోవడానికే ఈ మాటలు అనుకున్నాడు మేస్త్రీ. “ఎదురుగా కనబడుతుంటే కబుర్లు చెప్పకు. పూడ్చు” అన్నాడు. అల్లుడు తాపీ అందుకుని పూడ్చాడు. అంత తొందరగా ఒప్పుకోవడం కూడా మేస్త్రీకి నచ్చలేదు.

మర్నాడు ఎండ కాసింది. పట్టాలు విప్పేసరికి గుంట ఉండాల్సిన చోట గోడ బొప్పి కట్టినట్టుంది. పదిమందిలో తన పరువు తీయడానికే అల్లుడు కావాలని మెత్తాడని మేస్త్రీ కూతురికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. కూతురు అంతా విని, నిన్న దీపం ఎక్కడుందని మాత్రం అడిగింది.

ఆయన ఫోన్ పెట్టేశాడు. ఎవరూ లేనప్పుడు పట్టాలు దించి, దీపం బస్తాల వెనకే పెట్టాడు. కింది అంచు వెలిగింది, పై అంచు నీడలో పడింది. బొప్పి కాస్తా గుంటైపోయింది. దీపం పైకెత్తితే మళ్లీ బొప్పి. దించితే గుంట. వెలుగు కింది నుంచి వస్తోందని తెలిసి కూడా, ఆయన కన్ను దాన్ని పైనుంచి పడిన వెలుగుగానే లెక్కగట్టుకుంటోంది. చివరికి కళ్లు మూసుకుని గోడను తడిమాడు. చెయ్యి నిదానంగా మిట్ట ఎక్కి దిగింది.

దీపం ఆర్పి పట్టాలు విప్పాడు. ఇన్నేళ్లలో ఎంతమంది చేత మళ్లీ పని చేయించాడో, ఎంతమందిని దొంగలన్నాడో గుర్తొచ్చింది. అందులో నిజమెంత? ఇప్పుడెవర్ని అడగాలి?

భోజనాల వేళ అందరిముందూ అల్లుడితో, “తప్పు నాది. నువ్వు సరిగ్గానే చెప్పావు” అన్నాడు. అల్లుడు ఆయన ముఖంలోకి అనుమానంగా చూశాడు, ఇందులో ఇంకేం మెలిక ఉందోనని. మేస్త్రీ ఆ చూపు తప్పించుకోలేదు. ఉలి తీసుకుని మిట్టను తానే చెక్కడం మొదలుపెట్టాడు.